మణికట్టు ఎత్తు

మా వీధిలో కార్లు బయట వానకు తడుస్తూ ఉంటాయి. వాటి కోసం కట్టుకున్న షెడ్లలో మనుషులు దూరిపోయారు. ఒకాయన పాత రేడియోలు విప్పుతాడు, ఇంకొకాయన సైకిళ్ళు బిగిస్తాడు, మూలింటి పళ్ళ డాక్టరు సెలవు దొరికితే చాలు, షట్టరు దించుకుని గిటార్లు చేస్తాడు. భార్యలు అన్నానికి పిలిస్తే లోపలినుంచి "వస్తున్నా" అని వినిపిస్తుంది, మనిషి మాత్రం రాడు. ఇందరికీ నిలబడి పనిచేసుకోవడానికి గట్టి బల్లలు కావాలి కదా. ఆ బల్లలు చేసేదీ, పాతబడితే బాగుచేసేదీ మా బావ. వీధి మొత్తం ఆయన్ని బల్లాయన అంటుంది. అసలు పేరు పట్టుకుని ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఇల్లు చూపించడానికి మావాళ్ళు కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.

బావ అంటే మా అక్క భర్త. వాళ్ళ పెళ్ళినాటికి నాకు పదమూడేళ్ళు. ముప్పై ఆరేళ్ళు గడిచినా నేను ఆయన్ని నువ్వు అనే అంటాను, ఆయన నన్ను "మరదలు పిల్లా" అనే పిలుస్తాడు. ఈ పిల్లకు నలభై తొమ్మిదేళ్ళని ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. వాళ్ళింటికి నాలుగిళ్ళ అవతల ఉంటాను. టెలిఫోన్ ఆఫీసులో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. పొద్దున్నే మొదలై మధ్యాహ్నం రెండింటికి అయిపోతుంది. అంతసేపూ ఇతరుల కోపం విని, నా కోపం మింగుకుని, తిన్నగా అక్కావాళ్ళింటికి వచ్చి పడతాను. నాకు ముక్కు మీద కోపం అంటారు అందరూ. అబద్ధమెందుకు, ఉంది.

నేను వచ్చే వేళకే వాళ్ళ షెడ్డులోకి ఎండ కూడా వస్తుంది. షట్టరు సగం ఎత్తి ఉంటుంది. ఎండ ముందు గుమ్మం దగ్గర ఆగి, తర్వాత మెల్లగా నేల మీది చెక్క పొట్టులోకి దిగి, మూడున్నరకు బల్ల కాళ్ళ దాకా చేరుతుంది. గాల్లో నుసి తేలుతూ ఉంటుంది. అది కిందికీ దిగదు, పైకీ పోదు. అవిసె నూనె వాసన, తడి రాయి వాసన, బావ మరిచిపోయిన టీ వాసన. గోడవారగా ఒక ముక్కాలి పీట నాకోసం వేసి ఉంటుంది. దాని మీద కూర్చుంటే నాకు నిద్రా మెలకువా రెండూ కానిదేదో కమ్ముతుంది. షెడ్డు నెమ్మదిగా వీధిని వదిలి ఎటో పోతున్నట్టు, అక్కా బావా నేనూ దాంట్లో హాయిగా పోతున్నట్టు ఉంటుంది. నా కోపం ఏ నిమిషాన దిగిపోతుందో నాకు తెలియదు.

ఆ షెడ్డులో బావ కూడా ఈ లోకంలో ఉండడు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతుకుతాడు. చెక్కను పట్టుకుని "ఎటు తిరగాలని ఉందమ్మా నీకు?" అని అడుగుతాడు. జవాబు వచ్చేదాకా ఆగుతాడు కూడా. నేను పక్కనుంచి "కుడివైపంటోంది" అంటే, "నిన్నడగలేదు పిల్లా" అంటాడు. పొడుగు మనిషి. ఎప్పుడూ తల కొద్దిగా వంచి, ఏదో పాట దూరంనుంచి వింటున్నట్టు నడుస్తాడు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా బల్ల కావాలని వస్తే ఆయన ముందు చెక్క చూడడు, మనిషిని చూస్తాడు. వాళ్ళ షెడ్డుకు వెళ్ళి, బల్ల వేయబోయే చోటే వాళ్ళను నిలబెడతాడు. "పనిచేసేటప్పుడు చెప్పులతోనా, చెప్పుల్లేకుండానా?" అని అడుగుతాడు. కాళ్ళకు ఏముంటుందో అదే వేసుకుని నిలబడమంటాడు. చేతులు కిందికి వదిలేయమంటాడు. ఇక అక్కడినుంచి అసలు విద్య. కొలత అనగానే మనిషి బిగుసుకుపోతాడు కదా, ఆ బిగువు వదిలేదాకా ఆయన ఊరి కబుర్లు, వాన కబుర్లు చెబుతూ కూర్చుంటాడు. ఒక్కోసారి పది నిమిషాలు పడుతుంది, ఒక్కోసారి గంట. భుజాలు వాటంతటవే జారినప్పుడు, ఎదుటి మనిషి కొలత సంగతే మరిచిపోయినప్పుడు, బావ మోకాళ్ళ మీద కూర్చుని ఒక సన్నటి కర్ర నేలమీద ఆనించి మణికట్టు దగ్గర గోటితో గీత పెడతాడు. బల్ల ఎత్తు అదీ. టేపుతో కొలవడు. ఆ గీత దగ్గర కర్ర కోసేసి, ఇంటికి తెచ్చి గోడకు వేలాడదీస్తాడు.

డెబ్భైకి పైగా కర్రలున్నాయి ఆ గోడ మీద. మా వీధీ, పక్క రెండు వీధులూ అక్కడ వరసగా వేలాడుతుంటాయి. గాలి వస్తే పళ్ళ డాక్టరు కర్ర రేడియో ఆయన కర్రకు తగిలి టక్కుమంటుంది. ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఒకరి కొలత ఇంకొకరికి పెడితే పాపం చుట్టుకుంటుందన్నట్టు ఉంటుంది ఆయన వరస. అన్నదమ్ములిద్దరు వచ్చి, ఒకే ఎత్తులో ఉన్నాం కాబట్టి ఇద్దరికీ ఒక్క కొలతే చాలన్నారు ఒకసారి. "అన్నయ్యగారి నడుం కొంచెం ముందుకుంది" అని ఇద్దరినీ విడివిడిగా కొలిచి, వేలెడు తేడా చూపించి పంపించాడు.

ఈ పట్టుదల ఆయనకు ఊరికే రాలేదు. కుర్రతనంలో ఒక కుర్చీల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ నలభై బల్లలు, నలభైమంది మనుషులు. అన్ని బల్లలూ ఒకే ఎత్తు. పొడుగువాళ్ళు వంగీ వంగీ, పొట్టివాళ్ళు భుజాలెత్తీ ఎత్తీ, సాయంత్రానికి అందరూ ఒకే రకంగా వంకరగా నడుస్తూ గేటు దాటేవాళ్ళట. బావ పక్క బల్ల దగ్గర ఒక పొట్టి మనిషి ఉండేవాడు. బావ ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఆయన బల్ల కాళ్ళు కోసి తగ్గించాడు. సోమవారం మేనేజరు బావను పంపించేశాడు. ఆ పొట్టి మనిషి గేటు దాకా వచ్చి, "పొద్దున ఒక్క గంట పనిచేశాను దాని మీద, చాలు" అన్నాడట. ఈ కథ చెప్పేటప్పుడు బావ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటాడు.

అక్క సంగతి చెప్పాలి. మా నాన్నకు సెలూన్ ఉండేది. పన్నెండేళ్ళ వయసునుంచే కత్తులు నూరడం అక్క పని. ఇంట్లో పిల్లలు ఎవరు ముట్టుకున్నా నాన్న ఊరుకునేవాడు కాదు కానీ అక్క చేతికి మాత్రం ఇచ్చేవాడు. ఒకరోజు గడ్డం గీయించుకోవడానికి ఒక పొడుగాటి మనిషి వచ్చి కూర్చున్నాడు. కత్తి తగిలిన సంగతే తనకు తెలియలేదని, ఇది ఎవరు నూరారని అడిగాడు. లోపల కిటికీ దగ్గర కూర్చున్న అక్కను నాన్న చూపించాడు. మర్నాడు ఆ మనిషి మళ్ళీ వచ్చాడు. ఈసారి గడ్డం లేదు, చేతిలో చెక్క నునుపుచేసే చిత్రిక బ్లేడు ఉంది. ఆ మర్నాడు ఉలి. గడ్డం పెరగకుండానే రోజూ వస్తున్నాడేమిటని నాన్న వారం రోజులు ఆశ్చర్యపోయి, తర్వాత పెళ్ళి మాట ఎత్తాడు.

ఇక అప్పటినుంచీ ఆయన పనిముట్లన్నిటికీ పదును అక్కదే. బావ బల్లకు ఒక చివర సానరాయి ఉంటుంది. మధ్యాహ్నం భోజనాలు కాగానే అక్క అక్కడ నిలబడి, రాయి మీద నీళ్ళు చల్లి, ఒక్కో బ్లేడూ పట్టి, చివరికి పాత న్యూస్‌పేపరు అంచుకు ఆనిస్తుంది. కాగితం చప్పుడు కాకుండా రెండు ముక్కలైతే పదును వచ్చినట్టు. అక్క పదును పట్టిన చిత్రికతో బావ చెక్క గీస్తే వచ్చే చప్పుడు నాకు చెవిలో మోగుతూనే ఉంటుంది. పట్టుబట్ట చింపినట్టు ఒకే ఊపులో సాగుతుంది. బావ పేరు వీధిలో ఉంది. ఆ పేరులో సగం అక్కది. ఈ మాట బావే అందరికీ చెబుతాడు, ఆయన గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

కిందటేడు వానాకాలంలో అక్క కుడిభుజం పట్టేసింది. ముందు నొప్పి అంది, తర్వాత అనడం మానేసింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి అద్దం ముందు నిలబడి దువ్వెనను ఎడమచేత్తో పట్టుకుని తల దువ్వుకోలేక తంటాలు పడుతోంది. డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను. ఆవిడ అక్క చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఏం పని చేస్తారని అడిగి, పెదవి విరిచింది.

"మోచెయ్యి పక్కకు లేచే పని ఏదైనా సరే ఇక వద్దు. సాన పట్టడం లాంటివి మానెయ్యండి. మానకపోతే ఆ చెయ్యి అన్నం కలుపుకోవడానికి కూడా రాదు."

"మానేస్తాను" అంది అక్క, చాలా తేలిగ్గా. బయటికొచ్చాక ఆటోలో మాత్రం తన కుడి చేతిని ఎడమ చేత్తో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కకు పిల్లల్లేరు, ఊళ్ళు తిరిగే సరదా లేదు, టీవీ చూస్తూ నిద్రపోతుంది. పదును పట్టడం ఒక్కటే తనది అని చెప్పుకోవడానికి. అది పోతే అక్కలో ఏం మిగులుతుందో నేను ఊహించుకోలేకపోయాను.

నెల తిరక్కుండానే ఆ భయం కళ్ళముందుకొచ్చింది. అక్క షెడ్డులోకి రావడం మానేసింది. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని వీధిని చూసేది. నేను రోజూ వెళ్ళి తల దువ్వి జడ వేసేదాన్ని. "ఏం కనిపిస్తోందే అక్కా?" అంటే, "ఏముంది, మనుషులు వెళ్తున్నారు, వస్తున్నారు" అనేది. బావ తన బ్లేడ్లు తనే పట్టుకోవడం మొదలెట్టాడు. ఆయనకు ఆ పని చేతకాదు. చిత్రిక చెక్క మీద గొణుగుతూ ఆగుతూ నడిచేది. ఎండ మాత్రం ఎప్పట్లాగే వచ్చేది, పొట్టులో పాకేది, సానరాయి దాకా వచ్చి వెళ్ళిపోయేది. నాకు ఆ పీట మీద నిద్ర రావడం మానేసింది.

అప్పుడే టీచరుగారు వచ్చారు. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఒక్కరే ఉంటారు. కొత్తగా కొన్న ఇంటి షెడ్డులో, అంతకుముందు ఉన్నవాళ్ళు వదిలేసిన పని బల్ల ఒకటి దొరికిందట. కాళ్ళు చెదలు తినేశాయి, పైన రంగులూ గ్రీజూ పేరుకుపోయి నల్లగా ఉంది. దాన్ని బాగుచేసి ఇస్తే దాని మీద చెక్క రైళ్ళు చేసుకుంటానన్నారు.

"ఎవరికండీ రైళ్ళు?" అని అడిగాను నేను.

"నాకే" అన్నారావిడ. "చిన్నప్పుడు ఎవరూ కొనివ్వలేదు."

బావకు ఆ జవాబు ఎంత నచ్చిందంటే ఆ రోజే బల్లను తెచ్చేసుకున్నాడు. మూడు వారాలు దాని మీదే ఉన్నాడు. గ్రీజు గీకితే కింద తేనె రంగు చెక్క బయటపడింది. పైభాగం ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో చూడడానికి రెండు చివర్లా రెండు తిన్నని పట్టీలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, గంటలకొద్దీ వాటి మధ్యనుంచి చూసేవాడు. చూస్తూ చూస్తూ ఏ లోకానికి వెళ్ళేవాడో, టీ చల్లారిపోయేది. తర్వాత అడ్డంగా గీసి, నిలువుగా గీసి, కొత్త కాళ్ళు చేసి, బెజ్జాల్లో బిగించాడు. టీచరుగారి మణికట్టు కర్ర పక్కన పెట్టుకుని కాళ్ళు కోశాడు. చివరగా గుడ్డతో అవిసె నూనె పట్టించాడు. ఆ మధ్యాహ్నం ఎండ ఆ బల్ల మీదికి వచ్చినప్పుడు చూడాలి. దాని మీద తల పెట్టి పడుకోవాలనిపించింది.

టీచరుగారు చూసుకోవడానికి వచ్చిన రోజున అక్కను కూడా బలవంతంగా షెడ్డులోకి తెచ్చి నా పీట మీద కూర్చోబెట్టాను. ఆవిడ తన బల్ల ముందు నిలబడి, బావ ఇచ్చిన చిత్రికతో ఒక చెక్క ముక్కను నాలుగుసార్లు గీశారు. నవ్వారు. మళ్ళీ గీశారు. ఇక వదలడం లేదు. అలా గీస్తూ గీస్తూ, పక్కనున్న బావ బల్ల దగ్గరికి కూడా వెళ్ళి, దాని చివరనున్న సానరాయి మీద చేతులు పెట్టి చూశారు.

"అమ్మో, ఇదెవరికండీ? నా భుజాలు చెవుల దాకా వచ్చేశాయి."

"అది నాది లెండి" అన్నాడు బావ నవ్వుతూ. "నా మణికట్టు ఎత్తు."

"మరి ఈ రాయి?"

"అది మా ఆవిడది. ముప్పై ఆరేళ్ళుగా నా ఉలులూ బ్లేడ్లూ అన్నిటికీ పదును తనే..."

టీచరుగారు పీట మీదున్న అక్కను చూశారు. అక్క నిలబడితే ఇద్దరూ సరిగ్గా ఒకే పొడవు. నేను కూడా అప్పుడే చూశాను. ఇన్నేళ్ళూ వారానికి అయిదు రోజులు ఆ పీట మీద కూర్చుని చూస్తున్నదాన్ని, అక్క సాన పట్టేటప్పుడు రెండు మోచేతులూ రెక్కల్లా పైకి లేచి ఉంటాయన్న సంగతి నాకు తెలుసు. సాన పట్టడమంటేనే అంత అనుకున్నాను. అక్కా అంతే అనుకుంది, డాక్టరమ్మా అంతే అనుకుంది.

నేను గోడవైపు చూశాను. డెబ్భై కర్రలు. పళ్ళ డాక్టరుది ఉంది, సైకిళ్ళాయనది ఉంది, బట్టలు ఇస్త్రీ చేసుకునే బల్ల కోసం ఎప్పుడో కొలిచిన నా కర్ర కూడా ఉంది. అక్కది లేదు.

టీచరుగారు వెళ్ళేదాకా ఎలా ఆపుకున్నానో దేవుడికెరుక. వెళ్ళగానే బావ మీద విరుచుకుపడ్డాను.

"ఊళ్ళోవాళ్ళందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుంటావే, ఇంట్లో ఉన్న మనిషిని ఒక్కసారి కొలవాలని తోచలేదా నీకు? ఫ్యాక్టరీ కథ చెప్పి కళ్ళు తుడుచుకుంటావే, మా అక్కను తెచ్చి అదే ఫ్యాక్టరీలో నిలబెట్టావు కదా బావా!"

బావ తెల్లబోయి ఆ సానరాయినే చూస్తున్నాడు. నాకు ఇంకా చాలా మాటలున్నాయి, అక్క చెయ్యెత్తి ఆపింది. ఎడమ చెయ్యి.

"నోర్ముయ్యవే. ఆయన్ననకు. పెళ్ళయిన కొత్తలో అందడం లేదని కాళ్ళ కింద పలక వేసుకునేదాన్ని. టేకు పలక. ఒకరోజు అర్జంటుగా ఏదో సొరుగుకు చెక్క తక్కువైతే ఆయన దాన్ని తీసుకెళ్ళారు. ఇంకోటి వేస్తానన్నారు. నేనూ మళ్ళీ అడగలేదు. తర్వాత అలవాటైపోయింది."

కోపం లేకుండా చెప్పింది. అందుకే మాకు ఇంకా కష్టంగా ఉంది. బావ కింద పొట్టులో కూలబడి, "అడగొచ్చు కదా" అన్నాడు. అని, అన్నందుకు తనే నాలిక కరుచుకుని, "లేదులే, నేనే చూడాలి" అన్నాడు.

మర్నాడు నేను వెళ్ళేసరికి బావ ఒక సన్నటి కర్ర పట్టుకుని అక్క కుర్చీ చుట్టూ తిరుగుతున్నాడు. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగాడట, మోచెయ్యి ఒంటికి ఆనుకుని ఉంటే సాన పట్టవచ్చా అని. రోజుకు కాసేపు, నొప్పి లేనంతవరకూ ప్రయత్నించి చూడమందట ఆవిడ. అక్క మాత్రం లేవడం లేదు.

"నాకిప్పుడు కొలతలెందుకండీ. అయిపోయిందిగా. వదిలెయ్యండి."

"టీచరుగారి కర్ర ఉంది కదా బావా, ఒకే పొడవు కదా, దాంతో కానిచ్చెయ్" అన్నాను నేను రహస్యంగా.

"ఇంకొకరి కొలత మీ అక్కకు పెట్టను" అన్నాడు. ఎప్పుడూ లేనిది, గొంతు కరుకుగా ఉంది.

వారం గడిచింది. ఆయన రోజూ మధ్యాహ్నం కర్ర పట్టుకుని వచ్చి, కిటికీ దగ్గర నేలమీద కూర్చునేవాడు. వాన కబుర్లు చెప్పేవాడు, టీచరుగారి రైలుకు ఎన్ని పెట్టెలయ్యాయో చెప్పేవాడు. అక్క వినేది, లేచేది కాదు. ఎండ వాళ్ళిద్దరి మీదినుంచి మెల్లగా దాటిపోయేది. పొద్దుగుంకే వేళకు ఆయన కర్ర తీసుకుని షెడ్డుకు వెళ్ళిపోయేవాడు. ఒకరోజు జడ వేస్తూ అడిగాను, ఎందుకే ఈ పట్టుదల అని. "కొలిచి చేశాక కూడా చెయ్యి రాకపోతే?" అంది అక్క. "అప్పుడు ఇక నెపం కూడా ఉండదు కదే." నాకు జడ పాయలు కనిపించకుండా పోయాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి అల్లాను.

ఎనిమిదో రోజున బావ కర్ర తేలేదు. షెడ్డులో ఎవరిదో బల్లకు పైచెక్క గీస్తున్నాడు. కావాలని చేశాడో, నిజంగానే బ్లేడు అలా ఉందో నేను ఇప్పటికీ అడగలేదు. ఆ చిత్రిక చేస్తున్న చప్పుడు వినలేం. కరకరమంటుంది, ఆగుతుంది, చెక్కను పీకుతుంది, మళ్ళీ కరకర. అక్క కిటికీ దగ్గర కళ్ళు మూసుకుంది. తల అటు తిప్పుకుంది. పావుగంట ఓర్చుకుంది. తర్వాత లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా విసవిసా షెడ్డులోకి వెళ్ళింది. వెనకాలే నేను.

"ఏం పట్టారండీ ఇది, సానా? బ్లేడును రాయికేసి కొట్టారా? ఆ చెక్క ప్రాణం తీస్తున్నారు. ఇటివ్వండి."

బ్లేడు విప్పించి వెలుగుకు పెట్టి చూసింది. అంచు మీద గంట్లు. మొగుణ్ణి తిట్టడానికి నోరు తెరిచి, ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియక ఊరుకుంది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. గోడ మీద కర్రలు ఒకదానికొకటి తగిలాయి. అక్క బ్లేడును అలా చూస్తూ ఉండగానే చెయ్యి నెమ్మదిగా కిందికి జారింది. తర్వాత భుజాలు. బావ కదలకుండా నిలబడ్డాడు. ఎండలో నుసి తేలుతూనే ఉంది.

అప్పుడు అక్క తల తిప్పకుండానే అంది, "చెప్పులతోనా, చెప్పుల్లేకుండానా?"

"రాయి దగ్గర నీకు చెప్పులుండవు కదా" అన్నాడు బావ. అరవై రెండేళ్ళ మోకాళ్ళు పొట్టులో ఆనించి, కర్రను అక్క పాదం పక్కన నిలబెట్టి, ఆమె మణికట్టు దగ్గర గోటితో గీత పెట్టాడు. గీత పెట్టి వెంటనే లేవలేకపోయాడు. అక్క వంగి ఆయన జుట్టులోనుంచి పొట్టు తీసింది.

ఆ కర్రను బావ బల్ల పక్కన నిలబెడితే అయిదంగుళాల తేడా. కొత్త బల్ల చేస్తాడేమో అనుకున్నాను. ఆయన తన బల్లనే కొయ్యడానికి సిద్ధపడ్డాడు.

"నీది కదా బావా అది. మొట్టమొదటిది. మరి నువ్వు దేని మీద చేస్తావు?"

"నాకు తర్వాత చేసుకుంటాలే. దీని దగ్గర నాకంటే తనే ఎక్కువ కష్టపడి నిలబడింది."

మర్నాడు పొద్దున్నే నేను ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చాను. ముగ్గురం కలిసి బల్లను పక్కకు పడుకోబెట్టాం, అంటే ఇద్దరం పట్టుకున్నాం, అక్క తప్పులు ఎంచింది. బావ నాలుగు కాళ్ళ మీదా గీతలు గీసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని, రంపం పెట్టాడు. ముప్పై ఏడేళ్ళ కిందటి చెక్క, లోపల ఇంకా ఎర్రగా ఉంది. నాలుగు కాళ్ళూ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. బల్లను లేపి నిలబెట్టి, నాలుగు మూలలా నొక్కి చూశాడు. కదల్లేదు. ఆ పొడుగు మనిషి పక్కన అది పసిపిల్లల బల్లలా ఉంది.

అక్క వచ్చి రాయి మీద నీళ్ళు చల్లింది. గంట్లు పడ్డ ఆ బ్లేడు తీసుకుంది. కుడి చెయ్యి భయంభయంగా పెట్టింది, ఎడమ చెయ్యి దాని మీద. ముందుకు తోసింది. వెనక్కి తెచ్చింది. నేను ఆమె మోచేతుల్నే చూస్తున్నాను. రెండూ పక్కటెముకలకు ఆనుకుని ఉన్నాయి. మళ్ళీ తోసింది. అయిదు, ఆరు, ఏడు. మొహంలో నొప్పి కోసం వెతికాను. లేదు. ఏదో అర్థం కానట్టు ఉంది. రాయి మీద నీళ్ళు నల్లబడ్డాయి. పదిహేనోసారి తోసి ఆగిపోయింది.

"నొప్పిగా ఉందా?" అన్నాడు బావ.

అక్క తల అడ్డంగా ఊపింది. చేతుల్ని రాయి మీదే ఉంచి, వాటిని ఎవరివో చేతుల్లా చూసుకుంటూ అడిగింది.

"అందరికీ పని ఇంత తేలిగ్గానే ఉంటుందా అండీ?"

బావ తప్పించుకోవచ్చు. ఏదో ఒకటి చెప్పి నవ్వించవచ్చు. ఆయన అలా చెయ్యలేదు.

"ఉంటుంది" అన్నాడు. "కొలిచి చేస్తే అందరికీ ఇలాగే ఉంటుంది."

అక్క ఏడుస్తుందనుకున్నాను, కనీసం ఈసారైనా తిడుతుందనుకున్నాను. "నాకే ఓపిక లేదనుకున్నాను ఇన్నాళ్ళూ" అని, రాయి మీద మళ్ళీ నీళ్ళు చల్లుకుంది.